గాంధీజీ హత్య కేసులో తెలుగు నౌకరు

ప్రతి యేడూ జనవరి 30వ తారీఖున బడిలో రెండు నిమిషాలు మౌనం పాటిస్తాము. గాంధీజీని చంపిందెవరని అడిగితే మా పిల్లలు ఠక్కున గోడ్సే పేరు చెప్తారు. అదే కేసులో యావజ్జీవ శిక్ష పడ్డ తెలుగు కుర్రవాడొకడు ఉన్నాడంటే మాత్రం మన హబ్సిగూడలో పెద్దలు కూడా నమ్మరు. అతని పేరు శంకర్ కిష్టయ్య. ఊరు షోలాపూర్. మగ్గాలనూ మిల్లులనూ నమ్ముకొని మనవాళ్లు ఎందరో అక్కడికి పోయి స్థిరపడ్డారు కదా.

1948 జనవరి 13న గాంధీజీ ఢిల్లీలో నిరాహారదీక్షకు కూర్చున్నారు. ముస్లిముల ప్రాణాలకు రక్షణ ఉండాలి, ఆక్రమించుకున్న మసీదులు తిరిగి ఇవ్వాలి, మెహ్రౌలీలో హజ్రత్ బఖ్తియార్ కాకీ ఉర్సు ఎప్పటిలా జరగాలి అన్నారు. పెద్దలంతా మాట ఇచ్చాక 18న దీక్ష విరమించారు. రెండు రోజులకే, 20న, బిర్లా భవనంలో బాంబు పేలింది. మదన్‌లాల్ పహ్వా అక్కడే దొరికిపోయాడు. మిగతావాళ్లు పారిపోయారు. వాళ్లలో పూనాలో ఆయుధాలమ్మే దిగంబర్ బడ్గే, అతని నౌకరు శంకర్ ఉన్నారు. శంకర్‌కు అప్పటికి ఇరవయ్యేళ్లు.

30న గోడ్సే పేల్చిన తూటాలకు మహాత్ముడు కన్నుమూశారు. చంపినవాడు ముస్లిం కాదని ప్రభుత్వం వెంటనే ప్రకటించింది. ఆ ఒక్క మాట ఎన్ని ఇళ్లను కాపాడిందో!

విచారణ ఎర్రకోటలో జరిగింది. 1858లో బహదూర్‌షా జఫర్‌ను విచారించిందీ ఆ కోటలోనే. ప్రాసిక్యూషన్ 149 మంది సాక్షులను పిలిచింది. ఇంత గొడవలో ఆ పిల్లవానికి ఏం అర్థమైందో! యజమాని బడ్గే అప్రూవరై క్షమాభిక్ష పొందాడు. నౌకరు మాత్రం ముద్దాయిల బోనులో మిగిలాడు. 1949 ఫిబ్రవరి 10న జడ్జి ఆత్మచరణ్ గోడ్సే, ఆప్టేలకు ఉరి, శంకర్‌తో సహా అయిదుగురికి యావజ్జీవం వేశారు. శంకర్ శిక్షను ఏడేళ్లకు తగ్గించమని తానే సిఫారసు కూడా చేశారు.

"సార్, సేఠ్‌కు మాఫీ, నౌకరుకు జైలా?" అని ఒక పిల్లవాడు మమ్మల్ని అడిగాడు. అప్రూవరంటే ఏమిటో కానూను ప్రకారం విడమర్చి చెప్పాము. వానికి సమాధానం నచ్చలేదు. నిజం చెప్పొద్దూ, మాకూ నచ్చలేదు.

తోటి ఉపాధ్యాయుడొకరు ఇంకో వాదం తెచ్చారు: సంచిలో ఉన్నవి బాంబులని వాడికి తెలియదా? తెలిసే ఉండొచ్చు. బాంబు మోయడం వేరు, కుట్ర పన్నడం వేరు. సిమ్లాలో అప్పీలు విన్న ముగ్గురు జడ్జీలూ అట్లాగే చూశారు. యజమాని హుకుం మీద నడిచాడే తప్ప కుట్రలో ఇతనికి పాలు లేదని, 1949 జూన్ 21న శంకర్‌ను వదిలిపెట్టారు. గ్వాలియర్ డాక్టరు పర్చురే కూడా అదే తీర్పులో బయటపడ్డాడు.

నవంబరు 15న అంబాలా జైలులో గోడ్సే, ఆప్టేలను ఉరితీసేనాటికి కిష్టయ్య జైలు బయట ఉన్నాడు.