కాపలావాడి ఒంట్లోనే కాపురం



ఖమ్మం, భద్రాచలం సరిహద్దు అడవుల్లో ఎండలు ముదిరే రోజుల్లో ఆడవాళ్లు తెల్లవారకముందే ఇప్పపువ్వుకీ, తునికాకుకీ బయలుదేరతారు. ఇంటికొచ్చాక ఒంటిమీద పిడుదు కనిపిస్తే గిల్లి పారేసి పొయ్యి రాజేసుకుంటారు. ‘పశువులకు పట్టేదేగా, మనల్నేం చేస్తుంది?’ అనుకుంటాం. పది రోజులకు జ్వరమొస్తే మలేరియా అంటాం. పిడుదు సంగతి డాక్టరుకు చెప్పాలని తోచదు.

పిడుదుకూ జ్వరానికీ ఉన్న చుట్టరికాన్ని 1906లో అమెరికాలో హోవార్డ్ రికెట్స్ అనే వైద్యుడు రుజువు చేశాడు. అక్కడి మచ్చల జ్వరాన్ని పిడుదులే మోసుకొస్తున్నాయని తేల్చాడు. 1910లో మెక్సికోలో టైఫస్ జ్వరాన్ని పరిశోధిస్తూ, ఆ జ్వరానికే బలైపోయాడు. ఆ జాతి క్రిములకు రికెట్సియా అని ఆయన పేరే పెట్టారు. మన దేశంలోనూ ఈ జాతి పిడుదు జ్వరం ఉంది.

మామూలుగా ఒంట్లో క్రిమి చొరబడితే తెల్ల రక్తకణాలు దాన్ని మింగి, తమ లోపలి సంచిలో వేసి అరిగించేస్తాయి. రికెట్సియా మాత్రం ఆ సంచిని చించుకుని బయటపడుతుంది. రక్తనాళాల లోపొర కణాల్లో చేరి పిల్లాపాపలతో పెరుగుతుంది. పిడుదులు తెచ్చే ఎర్లీషియా మరీ గడుసుది. తనను మింగిన తెల్లకణంలోనే, ఆ సంచిలోనే, అరిగించే రసం అందకుండా చేసుకుని కాపురం పెడుతుంది! పైగా పిడుదు ఉమ్మికి కరిచిన నొప్పి తెలియనివ్వని గుణం, రక్షక కణాలను మందగింపజేసే గుణం ఉన్నాయి.

కణం లోపల దాగిన ఈ దొంగల మీద పెన్సిలిన్ పనిచేయలేదు. మరి మందు ఎక్కడినుంచి వచ్చిందంటారా? భద్రాచలం దాటిన గోదావరి సముద్రంలో కలిసే డెల్టాలో భీమవరం ఉంది కదా. అక్కడ 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లే పరిశోధనశాలకు డైరెక్టరయ్యారు. ఆయన ఆధ్వర్యంలో బెంజమిన్ డగ్గర్ మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ తీశారు. 1948లో లోకానికి అందిన ఆ మందు కణం లోపలికి వెళ్లి, క్రిమి మాంసకృత్తులు తయారుచేసుకోకుండా అడ్డుకుంటుంది. ఆ ఆగస్టులోనే సుబ్బారావు గారు కన్నుమూశారు. అదే కుటుంబానికి చెందిన డాక్సీసైక్లిన్ నేటికీ ఈ జ్వరాలకు మొదటి మందు.

కాబట్టి మందుకు లోటు లేదమ్మా, ఆలస్యమే ప్రమాదం. పిడుదును నలపకండి, కాల్చకండి, కిరసనాయిలు పోయకండి. చిమటాతో చర్మానికి ఆనించి పట్టుకుని, మెల్లగా తిన్నగా లాగండి. ఆ తర్వాత రెండు మూడు వారాల్లో జ్వరమొస్తే, ‘అడవికి పోయానయ్యా, పిడుదు కరిచింది’ అని డాక్టరుతో చెప్పండి. సూదిమందు కన్నా ముందు పడవలసింది ఆ ఒక్క మాటే.