టపా కోసం వేసిన దారి

1808 జనవరిలో హెర్మన్ విల్లెమ్ డాండెల్స్ జావా దీవి పడమటి కొసన ఆన్యెర్‌లో ఓడ దిగాడు. అప్పట్లో హాలండ్ గద్దె మీద ఉన్నది నెపోలియన్ తమ్ముడు లూయీ. హాలండ్ వలసగా ఉన్న జావా ఇంగ్లీషువాళ్ళ చేతికి చిక్కకుండా కాపాడమని డాండెల్స్‌ను గవర్నర్ జనరల్‌గా పంపాడు. చుట్టూ సముద్రమంతా ఇంగ్లీషు యుద్ధనౌకలే. అక్కడి రాజధాని బటావియా నుంచి తూర్పున ఉన్న సురబయకు సైన్యం కదలాలన్నా, ఒక్క ఉత్తరం చేరాలన్నా ఓడను నమ్ముకునే వీల్లేదు. నేల మీద ఉన్నవి ముక్కలు ముక్కలుగా పాత బాటలు. వాటిని వెడల్పు చేసి, లేనిచోట కొత్తగా తవ్వించి, ఆన్యెర్ నుంచి పనారుకాన్ దాకా సుమారు వెయ్యి కిలోమీటర్ల దారి వేయించాలని అతను నిశ్చయించాడు. దారి పొడవునా మజిలీలు, మజిలీ మజిలీకి మార్చుకోవడానికి టపా గుర్రాలు. వారాలు పట్టే ప్రయాణం రోజుల్లోకి వచ్చింది.

ఆ పని చేసిందెవరు? బోగోర్ నుంచి తూర్పుకు సాగిన కొండదారికి మొదట ఖజానా డబ్బు కేటాయించారు. అది చాలలేదు. ఆపైన ఏ ప్రాంతం పని ఆ ప్రాంతపు పాలకుడి నెత్తిన పెట్టారు. ఆయన తన రైతులను వెట్టికి తోలాడు. వరి మళ్ళలో ఉండాల్సిన మనుషులు పలుగులు పట్టి కొండలు తొలిచారు. ఆకలికీ, మలేరియాకూ వేలమంది బలయ్యారు. పన్నెండు వేలమంది అని ఇంగ్లీషువాళ్ళ లెక్కగా ఒక మాట ప్రచారంలో ఉంది. పేర్లు మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు. అందుకే దీన్ని ‘డాండెల్స్ రోడ్డు’ అంటే నా మనసు ఒప్పుకోదు. ఇండోనేసియా రచయిత ప్రమూద్య అనంత తూర్ ఈ దారి మీద ఏకంగా ఒక పుస్తకమే రాసి, ఆ చావులను లోకానికి గుర్తుచేశాడు.

సుమెదాంగ్ దగ్గర చదాస్ పంగేరాన్ అనే చోట దారి రాతికొండ అంచును పట్టుకుని మెలికలు తిరుగుతుంది. అక్కడ రెండు విగ్రహాలున్నాయి. డాండెల్స్ కుడిచెయ్యి చాచాడు. ఎదురుగా సుమెదాంగ్ పాలకుడు కుసుమదినత ఎడమచెయ్యి అందించి, కుడిచెయ్యి మాత్రం నడుములోని క్రిస్ కత్తి పిడి మీద ఉంచాడు. తన జనం రాళ్ళ మధ్య చచ్చిపోతుంటే ఓర్వలేక అలా ఎదిరించి నిలబడ్డాడని ఆ ఊరివాళ్ళు చెప్పుకుంటారు. చరిత్రకారులకు ఈ కథ మీద సందేహాలున్నాయి. అయినా అంతటి కడుపుకోత లేనిదే ఇలాంటి కథ పుట్టదు.

ఇంత చేసినా, 1811లో ఇంగ్లీషువాళ్ళు జావాను పట్టుకోనే పట్టుకున్నారు. ఆ దండులో ఇంజనీరుగా వెళ్ళినవాడు కాలిన్ మెకంజీ. మన ఊళ్ళ చరిత్రలను, అంటే కైఫియత్తులను, సేకరింపజేసిన ఆ మెకంజీయే. జావాలోనూ ఊరుకోలేదు, ప్రంబనన్ ఆలయ శిథిలాలు చూసి వివరాలు రాసుకున్నాడు.

యుద్ధం సంగతి అలా ఉంచితే, ఈ దారి ఊళ్ళనే కదిలించింది. బాందుంగ్ పాలకుడు తన రాజధానిని దక్షిణాన ఉన్న పాతచోటు నుంచి ఈ దారి పక్కకు మార్చుకోవాల్సి వచ్చింది. 1810 సెప్టెంబర్ 25ను ఇప్పటికీ ఆ నగరం పుట్టినరోజుగా జరుపుకుంటారు. నగరం నడిబొడ్డున సాగే ఆ దారి ముక్కకు నేటి పేరు ఆసియా-ఆఫ్రికా వీధి. 1955 ఏప్రిల్‌లో సుకర్ణో, నెహ్రూ, నాసర్, చౌ ఎన్‌లై వంటి నాయకులు ఆసియా, ఆఫ్రికా దేశాల బాందుంగ్ సదస్సుకు కూడిన మెర్దెకా భవనం ఆ వీధిలోనే ఉంది.