నోటి క్యాన్సర్ తగ్గిందని ధీమాగా ఉన్నారా? ఈ సంకేతాలు కనిపిస్తే ఆలస్యం చేయొద్దు

ఆపరేషన్ అయింది. రేడియేషన్ కోర్సు పూర్తయింది. ఇంటికొచ్చి నాలుగు మెతుకులు తినగలుగుతున్నారు. ఇక గండం గడిచినట్టేనా? అప్పుడే కాదు. నోటి క్యాన్సర్ తిరగబెడితే ఎక్కువ మందిలో మొదటి రెండేళ్లలోనే తిరగబెడుతుంది. గుట్కా, అంబర్, ఖైనీ, బీడీ అలవాట్లు పాతుకుపోయిన ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో ఇది చాలా ఇళ్లకు పనికొచ్చే విషయం.

ముందుగా చూసుకోవాల్సింది పుండు. ఆపరేషన్ చేసిన చోట గానీ, పక్కన గానీ లేచిన పుండు రెండు మూడు వారాల్లో మానకపోతే అనుమానించాల్సిందే. చెరగని తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ, ముట్టుకుంటే రక్తం కారడం కూడా అంతే. దవడ కింద, మెడలో గట్టిగా తగిలే గడ్డ మరీ ముఖ్యం. మొదట్లో అది నొప్పి పెట్టదు. నొప్పి లేదు కదా అని వదిలేయడమే కొంప ముంచుతుంది.

చాలామందికి తట్టనిది చెవినొప్పి. నాలుక, గొంతు, చెవి నరాలకు లింకు ఉంటుంది. అందుకే జబ్బు నోట్లో ఉన్నా పోటు చెవిలో వస్తుంది. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర చెవిలో చుక్కలు వేయించుకుంటూ నెలలు గడిపేస్తారు. ఒకవైపే చెవి నొప్పి ఉండి, చెవిలో ఏమీ కనిపించకపోతే నోరు, గొంతు చూపించుకోవాలి. పెదవి, గదవ తిమ్మిరెక్కడం, ఉన్నట్టుండి పళ్లు కదలడం, గొంతు మారడం, మింగడం కష్టమవడం, కారణం లేకుండా బరువు తగ్గడం కూడా లెక్కలోకి తీసుకోవాలి.

మరి రేడియేషన్ వల్ల కూడా నోరు ఎండిపోతుంది, కారం తగిలితే మంట పుడుతుంది, దవడ బిగుసుకుపోతుంది కదా? నిజమే. కాకపోతే కొంత కుదుటపడ్డాక మళ్లీ ఎక్కువైనా, కొత్తగా మొదలైనా దాన్ని సైడ్ ఎఫెక్ట్ అనుకుని ఊరుకోవద్దు. ఇంకో మాట. రేడియేషన్ అయినవాళ్లు ఆ సంగతి డెంటిస్టుకు చెప్పకుండా పన్ను పీకించుకోవద్దు. దవడ ఎముక మానక కుళ్లిపోయే ప్రమాదం ఉంది.

మొదటి ఏడాది ఒకటి నుంచి మూడు నెలలకోసారి, రెండో ఏడాది రెండు నుంచి ఆరు నెలలకోసారి చెకప్ ఉంటుంది. ఐదేళ్ల వరకు మానకూడదు. హైదరాబాద్‌ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్లాలంటే ఆదిలాబాద్ నుంచి దాదాపు 300 కిలోమీటర్లు, కరీంనగర్ నుంచి 160. కూలి పోతుందని, ఛార్జీలు దండగని చెకప్ ఎగ్గొట్టేది ఇక్కడే. కొత్త లక్షణం కనిపిస్తే తేదీ వచ్చేదాకా ఆగకుండా ఆదిలాబాద్ రిమ్స్‌లోనో, కరీంనగర్ ప్రభుత్వాసుపత్రిలోనో ఈఎన్‌టీ డాక్టర్‌కు పాత ఫైల్‌తో సహా చూపించవచ్చు. ముక్క తీసి పరీక్షకు పంపితే క్యాన్సర్ పాకుతుందన్నది అపోహ. త్వరగా దొరికితే మళ్లీ ఆపరేషన్ చేసే వీలుంటుంది. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబర్‌లో రూ.10 లక్షలకు పెంచారు.

చికిత్స తర్వాత కూడా పొగాకు నమిలితే పాతది తిరగబెట్టడమే కాదు, నోట్లో మరోచోట కొత్త క్యాన్సర్ పుట్టొచ్చు. రాష్ట్రంలో గుట్కాపై 2024 మేలో మరోసారి నిషేధం విధించినా, పట్టివేత వార్తలు మాత్రం ఆగలేదు. మానాలనుకునేవాళ్లకు జాతీయ హెల్ప్‌లైన్ 1800-11-2356 ఉచితం.