కొత్తగుడ్డతో బొంత కుడతారా?

ఈసారి కొంచెం పొడుగ్గానే రాస్తున్నా, తీరిక ఉన్నప్పుడే చదవండి.

మన సంఘం మహిళా విభాగం వాళ్ళు పెట్టిన క్విల్టు పోటీ సంగతి అందరూ చూసే ఉంటారు. ఒక్కొక్కరు పన్నెండు అంగుళాల చదరం ఒకటి కుట్టి పంపాలి. అన్నీ కలిపి ఒకే క్విల్టు చేసి వార్షికోత్సవం రోజు వేదిక మీద వేలాడదీస్తారు. విషయం 'మన మారికుప్పం'. మంచి ఆలోచన, కాదనను. బెంగళూరులో ఉన్నవాళ్ళు, కువైట్‌లో ఉన్నవాళ్ళు, ఊళ్ళోనే మిగిలినవాళ్ళు ఒకే గుడ్డ మీద కనిపిస్తారు. నాకు పేచీ మూడో నిబంధనతోనే. కొత్త కాటన్ గుడ్డ మాత్రమే వాడాలట, పాత బట్టలు తీసుకోరట. ఆ ఒక్క వాక్యం చదివి రెండు రోజులు నిద్ర పట్టలేదు. ఎందుకో చెబుతా.

మన ఇళ్ళల్లో క్విల్టు అనే మాట ఎప్పుడూ లేదు. బొంత అనేవాళ్ళం. సంస్కృతంలో దీన్నే కంథ అన్నారు. బెంగాల్‌లో కాంథా, బీహార్‌లో సుజని, మహారాష్ట్రలో గోధడి, ఉత్తర కర్ణాటకలో కౌది. పేర్లు వేరు, పని ఒకటే. కట్టి కట్టి మెత్తబడిన నూలు గుడ్డల్ని పొరలుగా పరిచి సాదా కుట్టుతో ఒకటి చేయడం. నాలుగు పార్టీలు కలిసి ప్రభుత్వం పెడితే పత్రికలవాళ్ళు 'అతుకుల బొంత' అని తిట్టినట్టు రాస్తారు. ఆ మాట రాసేవాళ్ళు బొంత కింద పడుకుని ఎరగరు. అతుకున్న చోట బొంత చిరగదు. ఒంటి గుడ్డ ఉన్నచోటే ముందు చిరుగుతుంది.

మా అవ్వది వి.కోట వైపు పల్లె. పెళ్ళై తాతతో మారికుప్పం లైన్లకు వచ్చింది. ఒకటే గది, పైన రేకు. ఎండాకాలంలో ఆ రేకు కింద పెనం మీద ఉన్నట్టే. మార్గశిరం వస్తే అదే రేకు మంచుగడ్డ. మన ఊరు సముద్రమట్టానికి సుమారు 850 మీటర్ల ఎత్తు. తెల్లవారుజామున సైనైడ్ దిబ్బల మీదుగా గాలి కొడితే ఎముకలు కొరికేది. గనిలో పరిస్థితి దీనికి పూర్తిగా తిరగబడి ఉండేది. ఛాంపియన్ రీఫ్ గని మూడు వేల మీటర్ల కన్నా లోతుకు పోయింది. అక్కడ రాతి వేడే అరవై డిగ్రీలు దాటేది. రాత్రి షిఫ్టు మనిషి ఆ వేడిలో చెమటతో తడిసి, కేజీలో పైకి వచ్చి, గేటు దగ్గర తనిఖీకి నిలబడి, ఆ చలిలో ఇంటికి నడిచి వచ్చేవాడు. వచ్చినోడికి ముందు కాఫీ, తర్వాత బొంత. అవ్వ ఎప్పుడూ ఆ వరుస తప్పలేదు.

బొంత కుట్టేది ఎండాకాలంలో, సందులో. లైను ముందర నేల అలికి, అడుగున రెండు పాత చీరలు పరిచి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టేవాళ్ళు. మధ్యన చిరిగిన పంచెలు, లంగాలు, పిల్లల గౌన్లు. పైన మళ్ళీ చీర. చీర చిరిగిన చోట్ల ఏది దొరికితే ఆ ముక్క. పక్కింటి తమిళపామె, ఎదురింటి కన్నడామె వచ్చి తలా ఒక అంచు పట్టేవాళ్ళు. వాళ్ళ బొంతకు మా అవ్వ పోయేది. కుట్టు అంచు నుంచి మొదలై లోపలికి వచ్చేది, లేకుంటే నడుమ గుడ్డ ఉబ్బుతుంది. దారం కొనేది తక్కువ, చీర అంచుల్లోంచి లాగిన నూలే ఎక్కువ. నెల రోజులు పట్టేది.

మా బొంతలో ఒక ఖాకీ ముక్క ఉండేది, జేబుతో సహా. తాత డ్యూటీ చొక్కాది. అవ్వ జేబు విప్పకుండా అలాగే కుట్టేసింది. పిల్లలం రాత్రి పూట అందులో వేలు పెట్టి బంగారం పొడి దొరుకుతుందేమోనని వెతికేవాళ్ళం. "గేటుకాడ పంజాబీవాళ్ళు చూసి వదిలిపెట్టిన జేబు అది, నీకేం మిగుల్తుంది నాయనా," అని నవ్వేది అవ్వ. రాతి ధూళి ఊపిరితిత్తుల్లో పేరుకుని తాత దగ్గుతో పోయినాక ఆ జేబు జోలికి ఎవరూ పోలేదు.

మన ఊరి చరిత్రలో రాసి ఉన్నదంతా చూడండి. 1880లో జాన్ టేలర్ కంపెనీ వచ్చింది. 1894లో బౌరింగ్‌పేట, అంటే ఇప్పటి బంగారపేట, నుంచి మారికుప్పం దాకా రైలు వచ్చింది. 1902లో శివసముద్రం నుంచి కరెంటు వచ్చింది. 1956లో గనులు మైసూరు ప్రభుత్వం చేతికి, 1962లో కేంద్రం చేతికి పోయాయి. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ ఏర్పడింది. 2001 ఫిబ్రవరి 28న మూతబడింది. మొత్తం మీద 800 టన్నులకు పైగా బంగారం. షాఫ్టు ఎన్ని అడుగులు, టన్ను రాయికి ఎంత బంగారం, అన్నిటికీ లెక్క ఉంది. ఆ లెక్కల్లో ఆడవాళ్ళు ఎక్కడ?

అసలు మొదట్లో ఉన్నారు. 1802లో మైసూరు సరిహద్దు సర్వే పని మీద వచ్చిన లెఫ్టినెంట్ జాన్ వారెన్ మన మారికుప్పం దగ్గర పాత గుంతల్లో పని జరగడం చూశాడు. మగవాళ్ళు గుంతల్లోంచి రాళ్ళు చేతులు మార్చుకుంటూ పైకి అందించేవాళ్ళు. వాటిని బండ మీద దంచి పొడి చేసేది ఆడవాళ్ళు. వారెన్ రాసినది చదివే 1870లలో లావెల్ అనే మాజీ సిపాయి ఇక్కడికి బంగారం వెతుక్కుంటూ వచ్చాడు. ఇంగ్లీషువాడి రాతలో ఆడవాళ్ళున్నారు గానీ, ఒక్కరికీ పేరు లేదు. తర్వాత మిల్లులు వచ్చి రాయి దంచే పని యంత్రాలు తీసుకున్నాయి. 1952 గనుల చట్టం 46వ సెక్షన్ ఆడవాళ్ళు భూగర్భంలో పని చేయకూడదని కట్టడి చేసింది. అట్లా గని చరిత్ర అంటే మగవాళ్ళ చరిత్రే అయిపోయింది. ఆ గది ఇంట్లో ఆరుగురిని సాకినామె, షిఫ్టు సైరన్ బట్టి పొయ్యి వెలిగించినామె చేతితో చేసిన వస్తువు ఏదైనా మిగిలిందా అంటే, నాకు తోచేది బొంతే. ఎవరింట్లో ఏ చీర కట్టారు, ఏ పంచె చిరిగింది, బిడ్డ పుట్టిన ఏడు కొన్న గౌను ఏ రంగుది, అన్నీ అందులో ఉంటాయి. మూడో నిబంధన పెట్టి మనం వద్దంటున్నది దాన్నే.

ఇదేదో పాతకాలపు చాదస్తం అనుకునేవాళ్ళ కోసం, క్విల్టులకు పేరు మోసిన అమెరికా సంగతే చెబుతా. అలబామా రాష్ట్రంలో గీస్ బెండ్ అని నల్లజాతి రైతు కూలీల పల్లె ఉంది. అక్కడి ఆడవాళ్ళు పొలంలో వేసి వేసి మోకాళ్ళ దగ్గర వెలిసిపోయిన ప్యాంట్లతో, చొక్కాలతో బొంతలు కుట్టుకున్నారు, చలికి. మిసూరి పెట్‌వే అనే ఆమె 1942లో చనిపోయిన భర్త పనిబట్టలన్నీ విప్పి ఒక బొంత కుట్టింది, ఆయన్ని గుర్తు పెట్టుకోవడానికి, దాని కిందే పడుకోవడానికి. 2002లో హ్యూస్టన్ మ్యూజియంలో ఆ ఊరి బొంతల ప్రదర్శన పెట్టారు. 2006లో అమెరికా తపాలా శాఖ వాటి బొమ్మలతో స్టాంపులు వేసింది. ప్యాంటు జేబు పీకేసిన చోట గుడ్డ ముదురు రంగులో మిగిలిపోతుంది చూడండి, ఆ మచ్చల్నే జనం నిలబడి చూశారు. అంత దూరం ఎందుకు, మన రాష్ట్రంలోనే హళియాళ, యల్లాపుర వైపు సిద్దీ ఆడవాళ్ళు కుట్టే కవంద్‌లు ఉన్నాయి. అవీ పాత బట్టలే. చివర్న మూలల్లో చిన్న గుడ్డ పువ్వులు పెట్టందే బొంత పూర్తయినట్టు కాదు వాళ్ళకు.

మనకు బొంతలు ఎందుకు పోయాయంటే ముందు నైలెక్స్ చీర వచ్చింది. కుడితే జారుతుంది, కప్పుకుంటే చెమట పీల్చదు. తర్వాత పాత బట్టలకు స్టీలు గిన్నెలిచ్చేవాడు వీధిలోకి వచ్చాడు. అవ్వ కూడా ఒక ఏడు బొంతకు దాచిన నాలుగు చీరలిచ్చి ఒక టిఫిన్ క్యారియరు తీసుకుంది. తప్పు పట్టను, ఆ క్యారియరులోనే నేను పదేళ్ళు బడికి అన్నం తీసుకుపోయినాను. ఆ తర్వాత గని మూతబడింది. తెల్లవారుజామున మారికుప్పం స్టేషన్లో రైలెక్కి బెంగళూరు పోయి రాత్రికి తిరిగొచ్చే ఇంటిలో నెల రోజులు బొంత ముందు కూర్చునేదెవరు?

మా బొంత సంగతీ చెప్పేస్తా, దాచి లాభం లేదు. మేము బెంగళూరుకు ఇల్లు మారినప్పుడు లారీలో బీరువా గీరుకుపోకుండా దానికి ఆ బొంత చుట్టింది నేనే. దించినాక ఆ బురద, గ్రీజు చూసి లారీవాడికే ఇచ్చేసినాను, బండి తుడుచుకోమని. అమ్మ అప్పుడేమీ అనలేదు. నెల తర్వాత చలికి ఒక రాత్రి "అవ్వ బొంత ఎక్కడ పెట్టినావురా" అని అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పిన రోజు నాకింకా గుర్తుంది.

అందుకని మహిళా విభాగం అక్కలకు నా మనవి. మూడో నిబంధన తీసేయండి. పాత గుడ్డ బలం ఉండదు, కుట్టు దగ్గర విడిపోతుంది అన్న భయం ఉంటే దానికి దారి ఉంది. వెనక కొత్త కాటన్ అస్తరు వేసి దాని మీద పాత ముక్క కుట్టవచ్చు, మన అవ్వలు అడుగున చీర పరిచినట్టే. ఒకసారి ఉతికి ఆరేసి ఇస్త్రీ చేసుకుంటే కొలత మారదు. చుట్టూ పావు అంగుళం అతుకుకు వదిలి పన్నెండున్నర అంగుళాలు కత్తిరించుకోండి. నైలెక్స్ తేవాలనుకునేవాళ్ళు తేవచ్చు, అదీ మన చరిత్రే, కానీ ఇస్త్రీ పెట్టె వేడి తగ్గించుకోండి. చదరం వెనకాల ఆ బట్ట ఎవరిదో, ఏ లైనో, మార్కింగ్ ఇంకుతో రాయండి. తమిళం, కన్నడం, తెలుగు, ఏదైనా సరే.

నేను పంపేది తేలిపోయింది. నాన్న చివరి డ్యూటీ చొక్కా అమ్మ పెట్టెలో ఉందని నాకు మొన్నటిదాకా తెలియదు. ఈ పోటీ మాట ఎత్తితే తీసి ఇచ్చింది, ఖాకీ, ఎడమవైపు జేబు. విప్పకుండా అలాగే కుట్టమంది. నాకు కుట్టు రాదు, తనే నేర్పుతోంది. "జేబు ముక్కను అంచున పెట్టమను, కాళ్ళ వైపు. నడుమ పెడితే పడుకున్నోళ్ళకు ఒత్తుకుంటుంది," అంది. ఇది వేదిక మీద వేలాడదీసేదమ్మా, కప్పుకునేది కాదు అన్నాను. అయితే ఒక్క రాత్రి కప్పుకున్నాకే వేలాడదీయమను అని పట్టు పట్టింది. అది ఎవరింట్లోనో మీరే తేల్చండి. చదరాలకు గడువు నెలాఖరు, ఆలోపే మూడో నిబంధన సంగతీ చెప్పండి.