నాన్న స్కూటరు, కెరొలిన్ స్పిట్‌ఫైరు

రాత్రి భోజనాలయ్యాక ఫోనులో పాత విమానాలు చూడటం మా వారి అలవాటు. కొత్తవి కాదు, రెండో ప్రపంచ యుద్ధం నాటివి. ముందు పంకా గిర్రున తిరుగుతూ, స్టార్ట్ చేయగానే పక్క గొట్టాల్లోంచి పొగ కక్కేవి. "లాటరీ తగిలితే ఇలాంటిదొకటి కొంటాను" అంటారు. "ముందు సింకు కింద కారుతున్న పైపు సంగతి చూడండి" అంటాను. పెళ్లయి పదహారేళ్లయినా ఈ మాటలు మారలేదు.

మొన్న మాత్రం ఫోను నా వైపు తిప్పి, "ఈ విమానం ఎవరిదో తెలుసా? ఒకావిడది. నడిపిందీ ఆవిడే" అన్నారు. చేతిలో గిన్నె పక్కన పెట్టి కూర్చున్నాను. తర్వాత వారం రోజులు మధ్యాహ్నం కునుకు మానేసి ఆవిడ గురించే చదివాను.

విమానం పేరు స్పిట్‌ఫైర్. ఆర్.జె. మిచెల్ అనే ఇంగ్లీషు ఇంజనీరు రూపకల్పన చేస్తే, 1936 మార్చి 5న మొదటిసారి ఎగిరింది. మరుసటి ఏడాదే ఆయన కేన్సర్‌తో పోయాడు, 42 ఏళ్లకే. తన విమానం యుద్ధంలో ఏం చేసిందో ఆయన చూడనే లేదు. మొత్తం 20 వేలకు పైగా తయారయ్యాయి.

అందులో వంటిళ్ల వాటా కూడా ఉందండోయ్. 1940 జూలైలో విమానాల తయారీ మంత్రి బీవర్‌బ్రూక్ బ్రిటన్ ఆడవాళ్లకు ఒక విజ్ఞప్తి చేశాడు. మీ ఇళ్లలోని అల్యూమినియం సామాను ఇవ్వండి, విమానాలు చేస్తామని. గిన్నెలూ మూతలూ తెచ్చి కుప్పలు పోశారు. ఆ లోహంలో ఎక్కువ భాగం విమానాలకు పనికొచ్చే రకం కాదని తర్వాత తేలిందంటారు. అది చదివి మా అత్తయ్యకు చెబితే, "మరి గిన్నెలు తిరిగిచ్చారా?" అని అడిగారు. ఇంకోవైపు చందాలు. 5,000 పౌండ్లు పోగుచేసిస్తే ఒక స్పిట్‌ఫైర్ మీద ఆ ఊరి పేరో, సంఘం పేరో రాసేవారు. అసలు ఖర్చు అంతకంటే ఎక్కువేనట.

మన హైదరాబాదు కూడా ఈ కథలో ఉంది. నిజాం డబ్బిచ్చినందుకు బ్రిటిష్ వైమానిక దళంలోని 152వ స్క్వాడ్రన్‌కు హైదరాబాద్ స్క్వాడ్రన్ అని పేరు పెట్టారు. దాని చిహ్నం నిజాం తలపాగా. 1940లో స్పిట్‌ఫైర్లతో ఇంగ్లండు దక్షిణ తీరాన్ని కాపాడింది, తర్వాత బర్మా యుద్ధానికీ వచ్చింది. నిజాం డబ్బంటే రైతులు కట్టిన శిస్తే కదా. ఆ తలపాగా వెనకున్న తువ్వాళ్లను ఎవరూ చిహ్నంలో వేయలేదు.

ఇక ఆవిడ విమానం. దాని నంబరు ఎం.ఎల్.407. బర్మింగ్‌హామ్ దగ్గర క్యాజిల్ బ్రామ్‌విచ్ ఫ్యాక్టరీలో 1944లో తయారైంది. దాన్ని 1944 ఏప్రిల్ 29న న్యూజిలాండ్ స్క్వాడ్రన్‌కు చేర్చింది ఇరవై నాలుగేళ్ల జాకీ సోరూర్. దక్షిణాఫ్రికా పిల్ల, పైలట్ కావాలని పదిహేడు పద్ధెనిమిదేళ్లకే ఇంగ్లండు చేరింది. యుద్ధం నడుస్తుండగానే పెళ్లయి జాకీ మాగ్రిడ్జ్ అయింది. ఫ్యాక్టరీ నుంచి స్థావరానికి విమానాలు చేరవేసే సంస్థలో అప్పట్లో 160 మందికి పైగా స్త్రీలు పనిచేశారు. రేడియో ఉండేది కాదు. కింద కనిపించే నదులూ, రైలు పట్టాలూ చూసుకుంటూ పోవడమే. ఒక్కోసారి ముందెప్పుడూ ఎక్కని రకం విమానం అప్పజెప్పేవారు. అప్పుడు ఆధారం ఒక చిన్న పుస్తకం. ఏ విమానం ఏ వేగంలో దించాలి, ఏ మీట ఎక్కడుంటుంది, అన్నీ రెండు ముక్కల్లో రాసి ఉండేవి. మా అమ్మమ్మ వంటల నోటుబుక్కు గుర్తొచ్చింది నాకు. జాకీ అలా దాదాపు 1,500 విమానాలు చేరవేసింది. ఈ సంస్థలో 1943 నుంచి ఆడవాళ్లకూ మగవాళ్లతో సమానంగా జీతమిచ్చారు. మా పనమ్మాయికి ఈ ముక్క చెబితే నమ్మలేదు.

నార్మండీ దాడి జరిగిన 1944 జూన్ 6న ఎం.ఎల్.407లో జానీ హౌల్టన్ అనే పైలట్ ఒక జర్మన్ విమానాన్ని కూల్చాడు. ఆ తీరం మీద ఆ రోజు కూలిన మొదటి శత్రు విమానం అదేనంటారు. తర్వాత ఫ్రెంచి, పోలిష్, బెల్జియన్, నార్వే దళాల చేతులు మారి, మొత్తం 176 సార్లు యుద్ధానికి వెళ్లి తిరిగొచ్చింది. యుద్ధమయ్యాక రెండు సీట్లదిగా మార్చి, ఐర్లాండ్ సైన్యానికి శిక్షణ కోసం అమ్మారు. ఆ తర్వాత మూలపడింది.

1979లో నిక్ గ్రేస్ అనే ఇంజనీరు దాన్ని కొన్నాడు. కొన్నాడంటే ఎగిరే విమానం కాదు, బాగుచేయాల్సిన ఇనప సామాను. అయిదేళ్లకు పైగా పట్టింది. 1985 ఏప్రిల్‌లో మళ్లీ ఎగిరింది. ఆయన భార్య కెరొలిన్ ఆస్ట్రేలియాలో గొర్రెల ఫారంలో పెరిగిన మనిషి. ఇద్దరు చిన్నపిల్లలు. మొగుడు అయిదేళ్లు ఒక విమానంతో కాపురం చేస్తుంటే ఇల్లు నడిపిందెవరో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

1988లో నిక్ కారు ప్రమాదంలో చనిపోయాడు.

ఇక్కడికొచ్చాక నేను ఫోను పక్కన పెట్టేశాను. మా నాన్న పోయినప్పుడు నాకు పద్నాలుగేళ్లు. రాజమండ్రిలో మా వరండాలో ఆయన లాంబ్రెటా ఉండేది. ఆదివారాలు పాత గోచీగుడ్డతో తుడిచేవారు, మేం ముట్టుకుంటే ఊరుకునేవారు కాదు. పెద్దకర్మ అయిన నాలుగో రోజుకే బాబాయి బేరం తెచ్చాడు. "వదినా, ఇంట్లో మగదిక్కు లేనప్పుడు ఈ బండెందుకు" అన్నాడు. తప్పుడు ఉద్దేశం లేదు, మాకు డబ్బు అవసరమే. అమ్మ తలూపింది. కొన్నవాడు తోసుకుంటూ వీధి మలుపు తిరిగేదాకా చూసి లోపలికొచ్చి అన్నం వార్చింది.

కెరొలిన్‌కీ అలా చెప్పినవాళ్లు ఉండే ఉంటారు. అమ్మితే పిల్లల చదువులకు దిగులుండేది కాదు. ఆవిడ అమ్మలేదు. విమానం ఉంచుకుంది, ఉంచుకోవడమే కాదు, తనే నడపడం నేర్చుకుంది. స్పిట్‌ఫైర్ ముక్కు ఎంత పొడుగంటే, నేల మీద ఉన్నప్పుడు పైలట్‌కు ఎదురుగా ఏమీ కనపడదు. అటూ ఇటూ వంకరగా నడుపుతూ దారి చూసుకోవాలి. ఎక్కువసేపు నేల మీదే ఉంటే ఇంజను వేడెక్కిపోతుంది. 1990లో ఆవిడ ఒంటరిగా ఎగిరింది. ఆ తర్వాత 900 గంటలకు పైగా నడిపింది, ఎయిర్ షోలలో విన్యాసాలు చేసింది. కొడుకు రిచర్డ్ కూడా అదే విమానానికి పైలట్ అయ్యాడు.

నాకు అన్నిటికంటే నచ్చిన రోజు 1994 ఏప్రిల్ 29. సరిగ్గా యాభై ఏళ్ల తర్వాత, డెబ్భై నాలుగేళ్ల జాకీ మాగ్రిడ్జ్ అదే విమానంలో మళ్లీ ఎగిరింది, కెరొలిన్‌తో కలిసి. ఒకామె దాన్ని యుద్ధానికి అప్పజెప్పింది, ఒకామె చెత్తకుప్పకు పోకుండా చూసుకుంది. పైన ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో! 2004లో జాకీ చనిపోతే ఆమె అస్థికలను ఆ విమానంలోంచే చల్లారు. 2022 డిసెంబరులో కెరొలిన్ కూడా పోయింది, ఆస్ట్రేలియాలో, రోడ్డు ప్రమాదంలోనే.

ఈ రోజుల్లో బాగుచేసిన ఒక స్పిట్‌ఫైర్ 2015లో లండన్ వేలంలో 31 లక్షల పౌండ్లకు పోయింది. మా వారికి ఆ లెక్క రూపాయల్లో వేసి చూపించాను. సింకు పైపు బాగుచేయడానికి లేచారు.

సాయంత్రం అమ్మకు ఫోన్ చేసి కథంతా చెప్పాను. అమ్మకిప్పుడు డెబ్భై ఒకటి. విని, కాసేపు ఏమీ అనలేదు. "అప్పుడు నిన్నెవరూ అడగలేదు కదమ్మా, స్కూటరు ఉంచుకుంటావా అని" అన్నాను.

"అడగలేదు. కానీ మీ నాన్న ఒకసారి ఆర్ట్స్ కాలేజీ గ్రౌండులో నడపమని నా చేతికిచ్చారు. పొద్దున్నే, ఎవరూ లేనప్పుడు" అంది. ఇన్నేళ్లలో ఎప్పుడూ చెప్పలేదు.

"నడిపావా?"

"గోల్‌పోస్టు దాకా వెళ్లాను. క్లచ్చి మహా గట్టిగా ఉండేది" అంది.