ద్వితీయ భాషకు పరీక్ష: కోట కళాశాల నుంచి కోయగూడెం దాకా

తెలుగు నేలపై రెండో భాషను నేర్చుకునేవారిని పరీక్షించే పద్ధతి పాలనావసరంలోంచి పుట్టింది. 1812లో మద్రాసులో ఏర్పడిన సెయింట్ జార్జి కోట కళాశాల ఈస్టిండియా కంపెనీ యువ ఉద్యోగులకు దక్షిణాది భాషలు నేర్పి పరీక్షించేది, ఎ.డి.క్యాంబెల్ తెలుగు వ్యాకరణం 1816లో వెలువడింది ఇలాంటి విద్యార్థుల కోసమే, 1817లో మద్రాసు చేరిన సి.పి.బ్రౌన్ తెలుగు నేర్చుకోవడం మొదలుపెట్టిందీ ఆ కళాశాలలోనే. కచేరీలో అర్జీ చదివి, రైతు మాట విని నిర్ణయం చేయవలసిన ఉద్యోగికి ఆ పరీక్ష పెట్టేవారు కనుక, అది దేనికోసమో అందరికీ తెలిసేది.

ఆ స్పష్టత బడికి వచ్చేసరికి మసకబారింది. మద్రాసు రాష్ట్రంలో ఇంగ్లీషు పరీక్ష వ్యాకరణానికీ అనువాదానికీ కుదించుకుపోయింది. నేటి ఖమ్మం జిల్లా దక్షిణపు అంచున, కాజీపేట-విజయవాడ రైలుమార్గంపై ఉన్న ఎర్రుపాలెం ప్రాంతం నిజాం రాజ్యంలో ఉండగా, దాన్ని ఆనుకున్న కృష్ణా జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉండేది. కాబట్టి ఇవతలి పిల్లలకు పైచదువుల పరీక్ష ఉర్దూలో, అవతలి పిల్లలకు ఇంగ్లీషులో ఎదురయ్యేది. ఇంట్లో రెండు చోట్లా వినబడేది తెలుగే.

1918లో గాంధీజీ చొరవతో మొదలై, తర్వాత దక్షిణ భారత హిందీ ప్రచార సభగా పేరు పొందిన ఉద్యమం వేరే దారి తొక్కింది. ప్రాథమిక, మధ్యమ, రాష్ట్రభాష, ప్రవేశిక, విశారద, ప్రవీణ అంటూ మెట్టు మెట్టుగా పరీక్షలను అమర్చింది. బడి వయసు దాటినవారు, గృహిణులు సైతం తమ స్థాయిని తామే ఎంచుకుని రాయగలిగారు. వయసుతో, తరగతితో ముడిపెట్టకుండా భాష వచ్చినంత మేరకు గుర్తింపు ఇవ్వడం ఆ ఏర్పాటులోని గొప్పతనం. ఐరోపా మండలి 2001లో ప్రకటించిన ఆరు స్థాయుల భాషా ప్రావీణ్య చట్రం వెనుకా ఇలాంటి ఆలోచనే ఉంది.

ప్రపంచంలో భాషా పరీక్షల శాస్త్రం ఇరవయ్యో శతాబ్దంలో ఎదిగింది. 1913లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం నిర్వహించిన తొలి ఇంగ్లీషు ప్రావీణ్య పరీక్షకు ముగ్గురే కూర్చోగా ముగ్గురూ తప్పారు. భాషావేత్త రాబర్ట్ లాడో 1961 నాటి గ్రంథంలో ధ్వని, పదం, వాక్యనిర్మాణం వంటి అంశాలను విడదీసి కొలవాలన్నాడు. 1964లో మొదలైన టోఫెల్ ఇంగ్లీషు పరీక్ష ఆ బాటలోనే నడిచింది. దీనికి భిన్నంగా, పాఠంలో నిర్ణీత దూరానికో పదాన్ని తీసేసి, ఖాళీని పూరించమనే క్లోజ్ పరీక్ష భాషను మొత్తంగా చూడాలన్న వాదానికి ఆధారమైంది. భాష తెలియడమంటే సందర్భానికి తగినట్టు వాడగలగడమేనన్న అవగాహన 1980 నాటికి స్థిరపడింది. మన దగ్గర 1958లో హైదరాబాదులో నెలకొన్న కేంద్రీయ ఆంగ్ల సంస్థ, అంటే నేటి ఇఫ్లూ, ఇంగ్లీషు బోధనపై ఉపాధ్యాయులకు శిక్షణ ఇస్తూ వచ్చింది.

పదో తరగతి పబ్లిక్ పరీక్ష మాత్రం రాతను వదలలేదు. నిరంతర సమగ్ర మూల్యాంకనం, అంటే ఏడాది పొడవునా పిల్లల పనిని గమనించి విలువ కట్టే పద్ధతి వచ్చాక, తెలంగాణలో 20 మార్కులు బడిలోని అంతర్గత మూల్యాంకనానికి దక్కాయి; తక్కిన 80 రాతవే. మిగతా సబ్జెక్టులకు 35 ఉత్తీర్ణత మార్కులైతే, ద్వితీయ భాషగా హిందీకి 20 చాలు. దయతో చేసిన ఈ సడలింపు, హిందీ రాకపోయినా గట్టెక్కే దారిగా మారిందని చెప్పక తప్పదు.

అసలు చిక్కు భద్రాచలం అడవుల్లో ఉంది. ఇంట్లో కోయభాష మాట్లాడే పిల్లవాడికి నిజానికి తెలుగే రెండో భాష, హిందీ మూడోది; కాగితం మీద మాత్రం తెలుగు ప్రథమ భాష. లెక్కను తప్పు చేసిన ఆ పిల్లవాడికి లెక్క రాలేదా, ప్రశ్నలోని తెలుగు అర్థం కాలేదా అన్నది ఆ జవాబు పత్రం చెప్పదు. కొలవదలచినదాన్నే పరీక్ష కొలుస్తోందా అన్న ఈ ప్రశ్ననే శాస్త్రంలో సప్రమాణత అంటారు. ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో కోయ, గోండి, కొలామి, సవర సహా ఎనిమిది భాషల్లో మొదలైన బహుభాషా విద్యా కార్యక్రమం తెలుగు లిపిలో వాచకాలు తయారుచేసి, ఇంటి భాషలో మొదలుపెట్టి తెలుగులోకి నడిపించాలని సంకల్పించింది. బోధనలో వచ్చిన ఆ మార్పు పబ్లిక్ పరీక్ష దాకా చేరలేదు. 2014లో చింతూరు, కూనవరం వంటి మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలవడంతో కోయ పిల్లలు రెండు రాష్ట్రాల పరీక్షల కిందికి చీలిపోయారు.

తెలంగాణ 2018 చట్టంతో అన్ని బోర్డుల బడుల్లోనూ తెలుగు తప్పనిసరైంది; తెలుగు మాతృభాష కానివారికి కష్టమవుతోందని 2025లో ప్రభుత్వం ‘సింగిడి’ బదులు సులభమైన ‘వెన్నెల’ వాచకాన్ని సీబీఎస్ఈ వంటి బోర్డుల విద్యార్థులకు అనుమతించింది. నగరంలోని హిందీ ఇంటి పిల్లకు న్యాయంగా దొరికిన ఆ గుర్తింపు దుమ్ముగూడెం కోయ పిల్లకూ దక్కాలి. ఒకటో తరగతిలో చేరిన రోజే కోయభాష తెలిసిన ఉపాధ్యాయుడు నోటిమాటతో ఆమె తెలుగును అంచనా వేయాలి, ప్రాథమిక తరగతుల్లో లెక్కల ప్రశ్నలను కోయలోనూ చదివి వినిపించాలి. ఈ రెండింటికీ కొత్త చట్టం అక్కరలేదు, విద్యాశాఖ, సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) కలిసి జారీ చేసే ఒక ఉత్తర్వు చాలు.