చేతుల చరిత్ర - 7: వేలిముద్ర ఎవరిది?



మా అమ్మ ముప్పై ఏండ్లు బీడీలు చుట్టింది. ఆదిలాబాద్ అడవుల తునికాకు మా కరీంనగర్ పల్లెల ఆడోళ్ల వేళ్ల కిందికి వస్తేనే బీడీ అయితది. చుట్టేటప్పుడు అమ్మ చేతికేసి చూసేది కాదు. తంబాకు ఎక్కువైందో తక్కువైందో వేలి కొనలే చెప్పేవి. ఇప్పుడు రేషన్ దుకాణంలో అదే వేలు పెడితే, "వేలు వస్తలేదవ్వా, తుడిచి మళ్ల పెట్టు" అంటున్నరు.

అసలు వేలి మీద ఆ గీతలు ఎందుకున్నయి? మనల్ని గుర్తుపట్టడానికైతే కాదు. 2009లో పారిస్ శాస్త్రవేత్తలు గీతలున్న కృత్రిమ వేలిని గరుకు తలం మీద జరిపి చూశారు. చర్మం లోపలి నరాల కొనలు బాగా పట్టుకోగల కంపనాలను ఆ గీతలు పెంచుతున్నయని తేలింది. 2021లో స్వీడన్‌లోని ఉమియో విశ్వవిద్యాలయం వాళ్లు, మన స్పర్శ ఒక్కో గీత వెడల్పంత, అంటే సుమారు 0.4 మిల్లీమీటర్ల సూక్ష్మం దాకా పోతుందని చూపించారు. అంటే ఆ గీతలు పనితనానికి ఆయువుపట్టు.

మరి అవి సంతకం ఎట్లయినయి? 1858లో బెంగాల్‌లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే అధికారి, రోడ్డు కంకర ఒప్పందం మీద రాజ్యధర్ కోనాయి అరచేతి ముద్ర వేయించాడు. రేపు మాట తప్పకుండా భయపెట్టడానికే అట్ల చేశానని తర్వాత ఆయనే రాసుకున్నడు. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో వచ్చింది. అక్కడ వర్గీకరణ లెక్క కట్టింది అజీజుల్ హక్, హేమచంద్ర బోస్. పేరు మాత్రం ఎడ్వర్డ్ హెన్రీకి పోయింది. 1911 నేరస్థ జాతుల చట్టం కొన్ని కులాలకు పుట్టినందుకే వేలిముద్ర తీసుకునే అధికారమిచ్చింది.

మన ఊళ్లలో ఆ పని దొర కాగితం చేసింది. మన చేతి నీళ్లు తాగని దొర, అప్పు పత్రం మీద మన బొటనవేలిని మాత్రం వద్దనలేదు. ముట్టుకుంటే మైల అన్న చెయ్యి నిశాని పెడితే మైల కాలేదు! జీతాలకు, వెట్టికి ఎదురుతిరిగిన సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను 1978లో ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఆ కాగితాల కింద ఎన్ని బొటనవేళ్లు నలిగినయో ఆలోచించండి.

చదువుకున్న మనం కూడా "వేలిముద్రగాడు" అని నవ్వుతం. చదువు దూరం చేసిందొకరు, సిగ్గు మోసేది ఇంకొకరు. ఆకు, సున్నం, ఇటుక, పార పట్టినకొద్దీ గీతలు అరుగుతయి. పని చేసిన గుర్తే ఇప్పుడు నువ్వు నువ్వు కాదనే సాక్ష్యమైంది.

వేలు పడకపోయినా రేషన్ ఆపొద్దని కేంద్రం 2017 అక్టోబర్‌లోనే రాష్ట్రాలకు చెప్పింది. మీ వాడలో ఎవరినైనా ఉత్త చేతులతో పంపుతుంటే వాళ్ల వెంట పోయి అడగండి. ఆ మాట మాత్రం ఇంక నోట రానియ్యకండి.

మిగతాది వచ్చే భాగంలో.